దేనితోనూ పోని సంఖ్య

జీడిపిక్కలు కాల్చిన పొగ ముందు ముక్కుకి కమ్మగానే తగులుతుంది. లోపలికి పీల్చాకే గొంతులో మంట తెలుస్తుంది. మొన్న డ్యూటీ దిగి నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర మాకవరపాలెం బస్సు కోసం నిలబడి ఉంటే, వెనక సందులో ఎవరో పిక్కలు కాలుస్తున్నట్టున్నారు, ఆ పొగ గాలివాటున వచ్చి మొహానికి కొట్టింది. కళ్ళు తుడుచుకుంటూ, ఎదురుగా ఆగి ఉన్న లారీ నంబరు చూశాను. చివరి అంకె తీసేసి మిగిలినదాన్ని మనసులోనే భాగించాను. మూడో ఎక్కంలో శేషం లేకుండా పోయింది. గుండెల మీద చెయ్యి తీసి మామూలుగా ఊపిరి పీల్చుకున్నాను. పక్కన నిలబడ్డ ఆవిడ నన్ను అదోలా చూసింది. పెద్దదాన్నయ్యాక కూడా ఒక లెక్క పోతే ఊరట పడటం ఏమిటని నేనూ అనుకుంటాను. ఈ అలవాటు నాకు అంటించినావిడ వరహాలమ్మ మేడం. ఆవిడని మీరెవరూ చూసి ఉండరు కాబట్టి, చూసినదాన్నిగా నేనే చెప్పాలి.

మేడం నర్సీపట్నంలో ఆడపిల్లల బడిలో మాకు లెక్కలు చెప్పేవారు. పొడుగాటి మనిషి. నేతచీర కొంగు నడుముకి బిగించి దోపి బోర్డు ముందు నిలబడితే, కలుపు తియ్యడానికి మడిలో దిగిన మనిషిలా ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. బలిఘట్టం వెళ్ళే దారిలో రెండు గదుల పెంకుటింట్లో తన అక్క అప్పలనరసమ్మ గారితో ఉండేవారు. పాఠం పుస్తకం భాషలో చెప్పి, సుద్దముక్క పెట్టెలో పడేశాక మాత్రం "ఏటే, బుర్రకెక్కిందా?" అని అడిగేవారు. తప్పు చేస్తే కొట్టడం, తిట్టడం లేదు. మన తప్పు లెక్కని చాలాసేపు చూస్తూ ఉండేవారు, అందులో తనకి తెలియని దారి ఏదైనా ఉందేమో అన్నట్టు. అది బెత్తం దెబ్బకంటే కష్టంగా ఉండేది.

నేను పదో తరగతిలో ఉండగా ఒక వాయుగుండం రోజు. కరెంటు లేదు. సోషల్ మేష్టారు రాకపోతే ఆ పీరియడు కూడా మేడమే తీసుకున్నారు. బడి వెనక ఉన్న జీడిపిక్కల బట్టీ పొగ, వానకి పైకి లేవలేక, కిటికీల్లోంచి మా మీదకి పాకుతోంది. మేడం బోర్డు మీద ఒక సంఖ్య రాశారు: 7,39,39,133. "ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల ముప్ఫై తొమ్మిది వేల నూట ముప్ఫై మూడు" అని చదివారు. "దీన్ని సమంగా పంచి చూపించండి. శేషం సున్నా రావాలి." వరసగా ఒక్కొక్కరికీ ఒక్కో అంకె ఇచ్చారు. నీకు ఏడు, నీకు పదకొండు, నీకు పదమూడు అంటూ. నాకు ముప్ఫై ఏడు వచ్చింది. రఫ్ కాగితాల మీద పడ్డాం. వానచప్పుడు, పెన్సిళ్ళ గీరుడు తప్ప ఏమీ వినబడలేదు. నాకు ముప్ఫై అయిదు మిగిలింది. ఇంకో రెండు ఉంటే పోయేదే అని నాలిక కరుచుకున్నాను.

"ఎవరికైనా పోయిందా?" అన్నారు మేడం. ఎవరికీ పోలేదు. ఆవిడ చివరి అంకెని వేలితో తుడిచేశారు. "ఇప్పుడు చెయ్యండి." డెబ్బై మూడు లక్షల తొంభై మూడు వేల తొమ్మిది వందల పదమూడు. అదీ ఎవరికీ పోలేదు. మళ్ళీ చివరి అంకె తుడిచారు. మొదట్లో మేం నవ్వుకున్నాం. ఎవరి లెక్క తప్పిందో అని ఒకరి కాగితం ఒకరం తొంగి చూసుకున్నాం. నాలుగోసారి తుడిచేసరికి నవ్వులు ఆగిపోయాయి. మామూలుగా ఒక సంఖ్యని విరిస్తే ఏదో ఒక ముక్క చేతికి వస్తుంది. ఇది విరిచినకొద్దీ పొట్టిదవుతోంది తప్ప ఎక్కడా లొంగడం లేదు. నా పక్కన కూర్చునే బంగారమ్మ లేచి నిలబడింది. "మేడం, ఇంక చెరపకండి" అంది. ఎందుకని మేడం అడగలేదు. తుడుస్తూనే పోయారు. ఏడు వందల ముప్ఫై తొమ్మిది. డెబ్బై మూడు. చివరికి బోర్డంతా సుద్ద మరకలు, ఎడమవైపు కొసన ఒక్క ఏడు మిగిలాయి. ఏడు కూడా దేనితోనూ పోదు కదా.

"మీకు నేనిచ్చినవి చిన్న అంకెలు" అన్నారు మేడం. "పెద్దవాటితో పోతుందేమో అనుకుంటారు. చూడవలసిన అంకెలన్నిటితోనూ నేను చేసి చూశాను. రెండు ఎండాకాలం సెలవులు అయిపోయినాయి." ఎందుకు చేశారని ఎవరో అడిగారు. "ఎక్కడో ఓ కాడ తెగుతాది అనుకున్నాను" అన్నారు, మాతో కాక తనతో తను అనుకుంటున్నట్టు. తర్వాత మొత్తం సంఖ్యని మళ్ళీ రాసి, దాని చివర ఏదైనా ఒక అంకె చేర్చమన్నారు. ఏది చేర్చినా అది ఏదో ఒకదానితో పోతుందట. కొన్ని రెండుతోనో మూడుతోనో అక్కడికక్కడే పోతాయి, కొన్ని పెద్ద అంకెలు వెతికితే గానీ పోవు, కానీ పోతాయి. "కొస నుంచి ఎంత కోసినా పోనివి ఇంకా కొన్ని ఉన్నాయి. వాటన్నిటిలోనూ ఇదే పెద్దది. దీని తరవాత గోడే." బంగారమ్మ ఇంకా నిలబడే ఉంది. "దీన్నెవరు చేశారు మేడం?" అని అడిగింది. మేడం సుద్ద చేతులు దులుపుకున్నారు. "ఎవరూ సెయ్యలేదే. ఎవరూ సెయ్యకుండానే ఇలగుంది. నాకు బయం అదే."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా నాన్నకి చెప్పాను. ఆయన చెరుకు నరికే మనిషి. కత్తి నూరుకుంటూ విన్నాడు. "మన సెరుకూ అంతే కదే. ఎంత నరికినా మోడు ఉంటాది" అన్నాడు. నాకు ధైర్యం వచ్చింది. మర్నాడు మేడానికి ఆ మాటే చెప్పాను. ఆవిడ ఆ మాట నచ్చినట్టు తలూపి, "మోడు మళ్ళీ చిగురేస్తాది పైడీ. ఇది చిగురెయ్యదు. చివర ఏది పెట్టినా బతకదు" అన్నారు. అప్పటికి నా వయసుకి ఆ మాట బరువు తెలియలేదు.

ఇంటర్ అయ్యాక మా నాన్న పోయాడు. నేను చదువు ఆపేసి జీడిపప్పు ఏరే పనికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆదివారాలు మేడం ఇంటికి వెళ్ళేదాన్ని. ఆవిడ ఎందుకు చదవడం లేదని అడగలేదు. ఒక లెక్క ఇచ్చి, కుంపటి దగ్గర కూర్చోమనేవారు, అంతే. వంటగది తలుపు పక్కన గోడమీద ఆ సంఖ్య బొగ్గుతో పెద్దగా రాసి ఉండేది. భాగహారాలు అన్నీ పూర్తయిన రోజున రాశారట. వాళ్ళక్కని నేను పెద్దమ్మ అనేదాన్ని. ఆవిడకి అది ఇష్టం లేదు. ఇంటిగోడ మీద స్వస్తిక్ వెయ్యాలి గానీ ఇదేమిటని సణిగేది. మేడం నవ్వి ఊరుకునేవారు.

ఒక ఆదివారం వెళ్ళేసరికి మేడం మంచంమీద కాలు చాపుకుని ఉన్నారు. కుడి పాదానికి కట్టు. సుగర్ ముదిరి, చెప్పు కరిచిన పుండు మానక, చిటికెన వేలు తీసేశారు. "కొస అంకె పోనాదే" అన్నారు నన్ను చూసి. నవ్వుతున్నారనే అనుకున్నాను. వంటగదిలోంచి వాళ్ళక్క గరిటె పట్టుకునే బయటికి వచ్చేసింది. "ఆ మాట అనకే! ఓలె పైడీ, నువ్వైనా సెప్పు దీనికి. ఆ అంకె గోడ మీద రాసిన కాడ్నుంచే దీని ఒళ్ళు ఇలగైపోనాది. ఇటు రా, సూడు." నన్ను చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళింది. సంఖ్య చివర ఉండాల్సిన మూడు లేదు. అక్కడ సున్నం పెచ్చు ఊడిపోయి మట్టి కనిపిస్తోంది. "నాను గోకలేదు. దానంతటదే రాలింది. దీని ఏలు తీసిన వారమే" అంది పెద్దమ్మ గొంతు తగ్గించి. మంచంమీంచి మేడం, "పెంకు జారి చెమ్మ దిగుతోందప్పా. కుడిపక్క ముందు నానుతాది. అంతే" అన్నారు. నిజమే, పైన పెంకు జారి ఉంది. నేను నిచ్చెన వేసుకుని సర్దాను కూడా. కానీ ఆ తర్వాత వెళ్ళినప్పుడు గమనించాను. మేడం తన మంచాన్ని ఆ గోడ కనిపించకుండా అటు తిప్పించుకున్నారు.

పెద్దమ్మ గోడంతా సున్నం కొట్టించింది. రెండు వానలకి సున్నం కింద నుంచి బొగ్గు మళ్ళీ మసకగా పైకి తేలింది. ఈసారి ముందరి అయిదు అంకెలే కనిపిస్తున్నాయి, మిగతా చోటంతా చెమ్మ మరక. ఆ లోపు మేడానికి పాదం సగం తీసేశారు. నేను పైకి ఏమీ అనకపోయినా, పప్పు ఏరుతూ ఏరుతూ మనసులో ఆ అయిదు అంకెల్నీ భాగించుకునేదాన్ని. డెబ్బై మూడు వేల తొమ్మిది వందల ముప్ఫై తొమ్మిది. పోదని తెలుసు. ఎప్పుడైనా నా లెక్క తప్పి పోయినట్టు కనిపిస్తే ఒక్క క్షణం ఎంత సంతోషం వేసేదో చెప్పలేను. మళ్ళీ సరిచూసుకుంటే శేషం అక్కడే ఉండేది.

మరుసటి ఏడు విషం పైకి పాకింది. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు. పెద్దమ్మ ఆసుపత్రి మెట్లు ఎక్కలేదు, మేడానికి తోడుగా నేనే ఉన్నాను. ఆపరేషన్ అయ్యాక జ్వరం తగ్గలేదు. ఒళ్ళు పెనంలా కాలిపోయేది. నన్ను గుర్తుపట్టేవారు కాదు. ఒక మధ్యాహ్నం తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే ఏదో గొణిగారు. చెవి దగ్గర పెట్టాను. "డెబ్బై మూడు లక్షల తొంభై మూడు వేల తొమ్మిది వందల పదమూడు." పక్క మంచం తాలూకు ఆవిడ, "పాపం, ఎవరో బాకీ ఉన్నట్టున్నారు" అంది. నేనూ కలవరింతే అనుకున్నాను. మర్నాడు అదే వేళకి, "ఏడు లక్షల ముప్ఫై తొమ్మిది వేల మూడు వందల తొంభై ఒకటి" అన్నారు. ఒక అంకె తగ్గింది.

తర్వాత రోజూ ఒకటి తగ్గుతూ వచ్చింది. రోజంతా నోట మాట ఉండేది కాదు, కిటికీలోంచి ఎండ మంచం కాళ్ళమీద పడే వేళకి పెదాలు కదిలేవి. ఇది డాక్టరు గారికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "జ్వరంలో ఎప్పటివో గుర్తొస్తుంటాయమ్మా, భయపడకు" అన్నారు. పెద్దమ్మ ఫోన్ చేసి, "ఏటంటాందే? ఏటైనా మాటాడుతాందా?" అని అడిగితే, నిద్రపోతున్నారని చెప్పాను. నాలుగు అంకెలు అయ్యాయి. మూడయ్యాయి. డెబ్బై మూడు అన్నరోజు నేను ఆవిడ చెయ్యి పట్టుకుని బతిమాలాను. "మేడం, వెనక్కి చెప్పండి. మొత్తం చెప్పండి. ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల..." అని మొదలుపెట్టి ఇచ్చాను, ఎక్కం మర్చిపోయిన పిల్లకి అందించినట్టు. ఆవిడ కళ్ళు నావైపు తిరిగాయి గానీ ఆ కళ్ళలో నేను లేను. ఎవరూ లేని ఇంట్లో దీపం వెలుగుతున్నట్టుంది ఆ చూపు.

మర్నాడు మధ్యాహ్నం నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. కిందకి దిగి గేటు దాకా వెళ్ళాను. పెద్దమ్మకి ఏమని చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. మాకవరపాలెం వైపు వెళ్ళే మనుషులు బస్సు ఎక్కుతూ నవ్వుకుంటున్నారు. వాళ్ళతో పాటు ఎక్కి వెళ్ళిపోతే ఏడు అనే మాట నా చెవిన పడకుండా ఉంటుంది. కానీ నేను వినకపోతే అది ఆగుతుందా? ఆవిడ ఒక్కరూ ఆ మాట అని, వినే మనిషి లేకుండా ఉండిపోవడం ఇంకా భయంగా తోచింది. వెనక్కి వచ్చి మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. ఎండ వచ్చి మంచం కాళ్ళమీద పడింది. మేడం పెదాలు తడుపుకున్నారు. "ఏడు" అన్నారు.

నేను కళ్ళు మూసుకున్నాను. వార్డులో ఎవరిదో స్టీలు గ్లాసు దొర్లిన చప్పుడు. తర్వాత మేడం గొంతే, బొంగురుగా, కానీ ఆవిడ గొంతే: "ఇంక కొయ్యడానికి ఏటీ లేదు. మంచినీళ్ళియ్యి పైడీ." కళ్ళు తెరిచాను. నుదురు మీద చెయ్యి వేస్తే చల్లగా చెమట పట్టి ఉంది. జ్వరం వదిలింది. నేను నీళ్ళు తాగించి, బయట వరండాలోకి వెళ్ళి గోడకి ఆనుకుని ఏడ్చాను. అది సంతోషమో భయమో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

ఇంటికి వచ్చాక చాలా రోజులకి, ఆవిడ చేతికర్రతో వాకిట్లోకి నడిచే ఓపిక వచ్చాక, ఆసుపత్రిలో ఏమన్నారో చెప్పాను. ఆవిడకి ఏమీ గుర్తు లేదు. "నేనలగ అన్నానా? రోజుకొకటి తగ్గించుకుంటూ?" అని రెండుసార్లు అడిగారు. ఆవిడ మొహంలో అంతకు ముందు నేను ఎప్పుడూ చూడని భయం కనిపించింది. పెద్దమ్మ లోపలినుంచి విని, "సెప్పినానా, ఆ అంకె దీన్ని అట్టుకుందని. ఏడు కాడ దేవుడు ఆపేసినాడు" అంది. పెద్దమ్మ చేటలో బియ్యం తీసుకుని పెరట్లోకి వెళ్ళాక మేడం నాతో అన్నారు: "అప్పకి అలగనుకుంటే సుకంగా ఉంటాది, అనుకోనీ. ఆ అంకెకి నేనెవరో తెలీదే. నా కాలు తెలీదు. నేను పుట్టకముందూ అది అలగే ఉంది, నేను పోయాకా అలగే ఉంటాది. నాకూ దానికీ సంబంధం ఉంటే బాగుండును. నన్ను పట్టుకున్నదని అయినా అనుకుందును. లేదు. అందుకే రెండెండాకాలాలు దాన్ని విడిచిపెట్టలేకపోయాను." చేతికర్ర గోడకి ఆనించి, "నువ్వు గేటు దాకా పోయి తిరిగొచ్చినావట కదా. నర్సు చెప్పింది. అంత భయమేసీ వచ్చి కూకున్నావు. అందరూ కూకోలేరు పైడీ. ఆ పని నేర్సుకో" అన్నారు. ఏ పనో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆవిడకి తెలుసు. కిడ్నీ రోగుల రక్తం శుద్ధి చేసే మెషీన్ల కోర్సు గురించి ఎక్కడో విని, నన్ను వెంటపడి మరీ చేర్పించారు. ఎంట్రన్సుకి లెక్కలు తనే చెప్పారు, ఒంటికాలిమీద బోర్డు ముందు నిలబడి.

మేడం తర్వాత చాలా ఏళ్ళు బతికారు. పెద్దమ్మ ముందు పోయింది. మేడం ఒక మామూలు పగటిపూట, ఇడ్లీ తిని పేపరు చదువుతూ, కుర్చీలోనే పోయారు. ఏ అంకే అనలేదు. ఆవిడ పోయేదాకా నేను లోలోపల ఎదురు చూస్తూనే ఉన్నాను, ఏదో ఒక గుర్తు కనిపిస్తుందని. ఏమీ కనిపించలేదు. వానా లేదు, గోడమీద మరకా లేదు. ఆ మామూలుతనమే అన్నిటికంటే నన్ను ఎక్కువ వణికించింది.

ఇప్పుడు నేను డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్ని. ఈమధ్య చింతపల్లి కొండల మీదనుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పసుపు, పిప్పళ్ళు పండించే మనిషి. మొదటిసారి రావడం, సూది చూసి చెయ్యి దుప్పటి కిందకి లాక్కున్నాడు. "నాకే ఎందుకొచ్చింది తల్లీ ఇది?" అని అడిగాడు. పక్క మంచం అతను, తిండి అన్నాడు. కూడా వచ్చిన చుట్టం, ఏ జన్మలో చేసిందో అన్నాడు. పెద్దాయన వాళ్ళవైపు చూడలేదు, నా మొహమే చూస్తున్నాడు. "తెలీదు బాబాయ్" అన్నాను. "మీ పెద్ద డాక్టరికి తెలుస్తాదా?" అన్నాడు. "జబ్బు గురించి చెప్తారు. నీకే ఎందుకో ఆయనకీ తెలీదు" అన్నాను. స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. ఇంకేమీ చెప్పలేదు, లేచి వెళ్ళలేదు. మెషీను తన మానాన తను చప్పుడు చేస్తోంది. ఆయన చాలాసేపు కప్పువైపు చూశాడు. తర్వాత దుప్పటి తనే పక్కకి తీసి, చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, చెయ్యి నా ఒళ్ళో పెట్టాడు.

"కానియ్యమ్మా" అన్నాడు.